చంక దగ్గర చిరుగు

సినిమాల్లో పేదవాళ్ల చొక్కా
ఎప్పుడూ భుజం మీదే చిరుగుతుంది.
కత్తెరతో కోసిన చిరుగు అది, అంచు చూస్తే తెలిసిపోతుంది.
ముప్పయ్యేళ్లుగా ముమ్మిడివరంలో మిషను తొక్కుతున్నాను,
చెబుతున్నా వినండి,
గుడ్డ మొదట చంక దగ్గర పోతుంది.
చెమట తింటుంది దాన్ని,
నెమ్మదిగా, ఎవరికీ కనపడకుండా.

టీవీ నా మిషనుకి ఎదురుగా ఉంటుంది.
కుట్టేటప్పుడు వింటాను.
హుక్కులు వేసేటప్పుడు చేతికి కళ్లక్కర్లేదు, అప్పుడు చూస్తాను.
అందుకే మార్కులు కూడా హుక్కుల్లోనే.
జాకెట్టుకి ఆరు.
ఆరూ పడ్డ సినిమా ఇంకా రాలేదు.

ఏడున్నర సీరియల్లో పెద్దకోడలు కనపడితే చాలు
మా వీధి వీధంతా మెటికలు విరుస్తుంది.
నా ఓటు ఆవిడకే.
ఆ ఇంట్లో పనంటూ చేసేది ఆవిడొక్కతే,
కుట్రయినా పనే కదండీ.
మంచికోడలు మెట్ల మీద నిలబడి ఏడుస్తూనే ఉంది,
పదకొండు వందల ఎపిసోడ్లుగా, అదే జాకెట్టు కొలతతో.
ఒక్కసారి చిక్కదు, ఒక్కసారి లావవ్వదు.
దుఃఖం మనిషి కొలతలు మార్చేస్తుంది.
నాకు తెలుసు, టేపు పెట్టి చూసినదాన్ని.

వంటల ప్రోగ్రాంలో ఒకాయన
చీరమేనుని కుళాయి కింద పెట్టి కడిగాడు!
సగం చేప తూములోకి పోయింది.
పక్కింటి బేబమ్మది యానాం,
నోట మాట రాక టీవీకి దణ్ణం పెట్టేసింది.
హుక్కు కాదు కదా, దారప్పోగు కూడా ఇవ్వను.

మా స్రవంతి ఫోనులో హంతకుల సిరీసు చూస్తుంది.
శవం గుప్పిట్లో గుండీ దొరికితే
సంచిలో వేసి ల్యాబుకి పంపాడు పోలీసు.
నన్నడిగితే చెప్పేదాన్ని:
నాలుగు కన్నాల గుండీ, దారం అటుతిప్పి కట్టారు,
ఎడంచేతివాటం దర్జీ.
రెండో ఎపిసోడ్లో అయిపోవాల్సిన కథ, పదిదాకా లాగారు.

వరద సినిమాలో నీళ్లు గోడలా లేచి
గర్జించుకుంటూ వస్తాయి.
మా వరదకి నోరు లేదు.
అర్ధరాత్రి పెరటి తూములోంచి వచ్చింది,
ముందు చెప్పులు తేలాయి.
మిషను తల విప్పి మంచం మీద పెట్టి
దాని పక్కన నేను ముడుచుకున్నాను తెల్లారేదాకా.
ఆ సినిమాలో ఎవరూ కుట్టుమిషను ఎత్తుకోలేదు.
హీరో హీరోయిన్ని ఎత్తుకున్నాడు.
అది తేలిక.

కొరియా సీరియలు మటుకు నాకిష్టం.
తల్లి కొడుకు మొహం చూడకుండా
"అన్నం తిన్నావా" అంటుంది.
గొంతు మన రాజమండ్రి వైపుదే, పందెం కాస్తాను.
నాలుగు హుక్కులు.
చెప్పులు గుమ్మంలో విడుస్తున్నారు, అందుకింకొకటి.

ఇక నా సినిమా సంగతి.
ఆమధ్య కాట్రేనికోన అవతల షూటింగు జరిగింది.
గుంపులో ఆడవాళ్లకి నలభై జాకెట్లు,
చిరిగినవే కావాలన్నారు.
ఒకటి కుట్టి, ఉప్పునీళ్లలో నానేసి, ఎండేసి,
చంక దగ్గర వేళ్లతో పీకి చూపించాను.
వచ్చిన కుర్రాడు నవ్వాడు.
"కెమెరాకి కనపడదండీ, భుజం మీద కోసెయ్యండి."
కోశాను. ముప్పైతొమ్మిది.
మొదటిది కట్ట అడుక్కి దూర్చాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం టీవీలో వేశారు.
పొయ్యి మీద పులుసు మాడిపోయింది.
రెండు గంటలకి ఒక రేవు వచ్చింది,
పంటు కదులుతోంది, జనం చేతులెత్తి అరుస్తున్నారు,
వెనక వరసలో ఒక నల్లటావిడ
అందరికంటే కాస్త ఆలస్యంగా చెయ్యెత్తింది.

చంక దగ్గర.

"అదిగో!" అన్నాను.
మావారు ధర్మారావు పేపరు మడిచి తలెత్తేలోపు
సిమెంటు ప్రకటన.

సినిమా బాగోలేదు.
కథకి కాళ్లు లేవు, పాటలు ఎక్కడో విన్నవే,
భుజాలన్నీ అబద్ధం.
రెండు హుక్కులు వేశాను.
రాత్రి లైటు తీసేముందు
ఇంకొకటి.