మూడో గదిలో రెండు సీసాలు

మిర్చియార్డుకి ఎండాకాలం సెలవులిచ్చిన రాత్రి
బ్రాడీపేట ఆరో లైన్లో, మా డాబా మీద విందు.
పగలంతా కాగిన గచ్చు మీద
నాలుగు బిందెల నీళ్లు కుమ్మరిస్తే
చుయ్యిమని పీల్చేసుకుని
ఇంకా ఉన్నాయా అన్నట్టు చూసింది.

సీసాలు రెండు. నాసిక్ ద్రాక్షవి, తెల్ల వైను.
కొట్టువాడు నన్నూ నా చేతిసంచినీ మార్చి మార్చి చూసి
"ఎవరికమ్మా?" అన్నాడు.
"వంటలోకి" అన్నాను.
అబద్ధమేం కాదు.
కోసి, కలిపి, ఉప్పో తీపో చూసేది
వంట కాకపోతే మరేమిటి?

రోహిణి ఎండకి మా ఇంటి ఫ్రిజ్జు నీరసపడింది.
అందుకని పొద్దున్నే సీసాల్ని
నేను లెక్కలు రాసే కోల్డ్ స్టోరేజీకి పట్టుకెళ్లి
మూడో గదిలో, తేజ రకం టిక్కీల మధ్య
గోనెపట్టా కప్పి పడుకోబెట్టాను.
పదకొండేళ్ల నా సర్వీసులో
రిజిస్టరుకెక్కకుండా లోపలికెళ్లి
రిజిస్టరుకెక్కకుండా బయటికొచ్చిన సరుకు
అదొక్కటే.

గిన్నె, పెళ్లిళ్లలో పులిహోర కలిపే గుండిగ.
జలజాక్షి కర్బూజా కోసింది, బంగినపల్లి కోసింది,
టెంకలు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.
మెహరున్నీసా బత్తాయిలు పిండింది;
సగం గుండిగలోకి, సగం తన జగ్గులోకి
అల్లంతో, పుదీనాతో.
"మీ గరిటె నా జగ్గులో పెట్టారంటే చూడండి!"
అని పక్కనే కాపలా కూచుంది.

పంచదార నిమ్మరసంలో కరిగేదాకా ఆగాలి.
పళ్లు వైనులో నానేదాకా ఆగాలి.
ఐసు ముక్కలు పనికిరావు, పెద్ద గడ్డ కావాలి,
చిన్నవి పది నిమిషాల్లో అంతా నీళ్లచారు చేస్తాయి.
సోడా ఆఖర్న.
ముందే పోస్తే, ఇంట్లోనే పడేసుకున్న కోపంలా
వీధిలోకి వచ్చేసరికి పొంగదు.

ముంజలు నాంచారమ్మ తెచ్చింది.
యార్డులో తొడిమెలు తీసే నాంచారమ్మ.
పిలిచాను గానీ వస్తుందనుకోలేదు.
కుర్చీ చూపిస్తే పిట్టగోడ పక్కన చతికిలబడి
కాయ కన్నులోకి బొటనవేలు దించి
ఒక్కొక్క ముంజనీ చెదరకుండా లేపింది.
గుండిగ మీదికి వంగి వాసన చూసింది.
"మా నాయన గీతగాడు.
గెల గీస్తే కల్లు, గీయకుండా ఉంచితే ముంజ.
ఒక్క గెలకి రెండూ కుదరవు.
ఏ చెట్టుని తాగాలో, ఏ చెట్టుని తినాలో
ముందే తేల్చుకునేవాడు.
నువ్వేందమ్మా, రెండూ ఒకే గిన్నెలో వేశావు?"

జవాబు తట్టక మొదటి గ్లాసు ఆమెకే ఇచ్చాను.
తాగి, చప్పరించి,
"కల్లంత నిజం లేదు.
చల్లగా మాత్రం ఉంది" అంది.

రెండో గుక్కకి నా పెదాలు మండాయి.
జలజాక్షివీ మండాయి.
"కారం ఎవరు కలిపారే?"
ఎవరూ కలపలేదు.
సీసాలకి గోనెపట్టా ఘాటు అంటిందేమోనన్నాను.
నాంచారమ్మ తన వేళ్లు చూసుకుంది.
"మూడుసార్లు కడిగానమ్మా, సబ్బు పెట్టి."

ఒక్క క్షణం డాబా అంతా మూగబోయింది.
జలజాక్షే ముందు గ్లాసు చాపింది,
"ఇంకాస్త పొయ్యి. ఈసారి ముంజలెక్కువ."
మెహరున్నీసా తన జగ్గు ముందుకి తోసి,
"వైను తగలనివి నాకు నాలుగు. నువ్వే వలిచెయ్యి" అంది.

పన్నెండింటికి గుండిగలో మిగిలింది
అరిగిన ఐసుగడ్డా, దానికంటుకున్న పుదీనాకూ.
"రాత్రిళ్లు మండుతాయా?" అని అడిగాను.
"పగలు తెలవదు. పడుకుంటే తెలుస్తది"
అంటూ రెండు అరచేతులూ గడ్డ మీద ఆనించింది.
అట్లాగే ఉంచింది.
గరిటెకి కాపలా మానేసి మెహరున్నీసా
గుండిగ కదలకుండా
అటువైపు అంచు పట్టుకుంది.