మూడో గేరు పళ్ళు

ఆటోనగర్‌లో జిలానీ భాయ్ డ్రెయిన్ బోల్టు విప్పితే
ఉలవచారులా దిగింది పాత నూనె.
"కారు ఆయిల్ పోశావు కదూ?"
నేను పానాల పెట్టె కేసి చూశాను.

"పెట్రోల్లో కలిపేది పొగై పోతుందిరా, దాని పాపం దానితోనే.
ఇది గేర్లతో కాపరం చేసేది.
జారుడెక్కువైతే క్లచ్ పట్టు వదిలేస్తుంది,
మరీ చిక్కనైతే పొద్దున్నే న్యూట్రల్ దొరకదు."

రెండు డబ్బాల్లోంచి చెరో చుక్క
వేళ్ళ మధ్య సాగదీశాడు,
మా పిన్ని తీగపాకం చూసినట్టు.
ఎడమ చేతిది గుడ్డకి తుడిచేశాడు.
కుడిది నూట ఎనభై రూపాయలెక్కువ.

బోల్టు అయస్కాంతానికి అంటిన ఇనప నూగు
నా అరచేతికి రాశాడు.
"మూడో గేరు పళ్ళు. దాచుకో."

ఆదివారం సీతానగరం ఇసకలో
మూడోది తడుముకోకుండా పడింది.
చెయ్యి మాత్రం
సబ్బుతో రెండుసార్లు కడిగినా
ఎండలో తళుక్కుమంటోంది.