ఫ్రిజ్ మీద జలపాతం

తెల్లారుజామున నాలుగున్నరకి నేను
బస్సు తియ్యడానికి బయల్దేరతాను.
ఐదింటికి పైడిరాజు బేకరీ నుంచి వస్తాడు.
గ్లెనోర్కీ వీధుల్లో ఎక్కడో ఒక మలుపులో
అతని కారు లైట్లూ నా కారు లైట్లూ
ఒకదాన్నొకటి దాటుకుంటాయి.
మధ్యాహ్నం నేనింట్లో ఉంటే అతను నిద్రలో ఉంటాడు,
రాత్రి నేనొచ్చేసరికి అతని చెప్పులు మాత్రం ఉంటాయి.

మిగతా కాపురమంతా ఫ్రిజ్ తలుపు మీదే.

నిమ్మకాయ బొమ్మ అయస్కాంతం కింద
బ్రెడ్డు సంచి చింపిన కాగితం మీద
మార్చి మొదట్లో నేను రాశాను:
"మౌంట్ ఫీల్డ్ వెళ్దామా? జలపాతాలు, సరస్సులు.
గంట దూరం. మనం వచ్చి నాలుగేళ్లయింది."

మర్నాడు దాని కింద గుండ్రటి అక్షరాలు,
మూల మీద పిండి వేలిముద్ర:
"ఎప్పుడు?"

ఆ ఒక్క మాటకి మూడు వారాలు పట్టింది.
మా డ్యూటీ పట్టికలు రెండూ
ఎడ్డెమంటే తెడ్డెమనే రకం.
ఆఖరికి దొరికింది ఏప్రిల్ ఇరవై తొమ్మిది.
"మంగళవారం ప్రయాణమా?" అన్నాడు.
"ప్రతి మంగళవారం నలభై మందిని
నేనే ప్రయాణం చేయిస్తున్నాను" అని రాశాను.

కాగితం నిండింది. ఇంకో సంచి చింపాం.

రసెల్ జలపాతానికి నడక కొద్దిసేపే,
చదునైన దారి, పిల్లల బండి కూడా పోతుందట.
(ఆ వాక్యం కింద ఇద్దరం ఏమీ రాయలేదు.
కొంచెం జాగా వదిలి
పులిహోర సంగతికి వెళ్లిపోయాం.)

నిమ్మకాయదే. చింతపండుదైతే కారులో కారుతుంది.
వాలబీలు దగ్గరికొస్తాయి, పెట్టకూడదు.
"పోపు వాటికి పడదులే."
ప్లాటిపస్ కనిపించాలంటే చప్పుడు చెయ్యకూడదు.
"మనకది అలవాటేగా" అని అతను.
నవ్వాలో వద్దో తెలియక
టీ పెట్టుకున్నాను.

డాబ్సన్ సరస్సు ఒడ్డున పాండానీ చెట్లుంటాయట,
దూరం నుంచి చూస్తే అచ్చం మొగలిపొదలు.
"వాసన వస్తుందా?"
"రాదు."
"పాములు?"
"చలికి పడుకుని ఉంటాయి. లేపకు."
ఇంకా పైన ఫాగస్ అని ఒక చెట్టు.
ఈ దీవిలో పుట్టిన చెట్లన్నిట్లో
చలికాలానికి ఆకు రాల్చేది అదొక్కటేనట.
రాల్చేముందు పసుపు, ఆనక కుంకం.
మన వైపు ఇదే నెలలో ఆవకాయ ముక్కలు కొడుతుంటారు.
ఆ మాట రాశాను, కొట్టేశాను.
కొట్టేసినా కనబడుతూనే ఉంది.

సరస్సు దాకా పదహారు కిలోమీటర్ల కంకర రోడ్డు,
పక్కన లోయ.
"నేను నడుపుతాను."
"ఇంట్లో డ్రైవర్ ఎవరు?"
"అందుకే. ఒక్కరోజు
నువ్వు కిటికీ పక్కన కూర్చో."

గిన్నెలు తోముతూ చదివాను ఆ ముక్క.
కుళాయి కట్టడం మరిచిపోయాను.
సింకు నిండి, గట్టు మీంచి జారి,
నా సాక్సులు తడిసేదాకా
నీళ్లు పడుతూనే ఉన్నాయి.

ఇవాళ సోమవారం.
రేపు వానట. పైన మంచు పడొచ్చు,
సరస్సు రోడ్డు మూసేసినా మూసేయొచ్చట.
"వాయిదా వేద్దామా?"
అతను పనికి వెళ్తూ రాసి వెళ్లాడు.
ఈసారి అక్షరాలు గుండ్రంగా లేవు.
తొందరలో రాసినట్టున్నాయి,
లేదా రాయాలని లేకుండా.

వానకి భయపడితే జలపాతం దగ్గరికి ఎందుకు,
అని రాయబోయాను.
పెన్ను మూత తీశాను కూడా.
మళ్లీ పెట్టేశాను.

అలారం తీసేశాను.
ఐదింటికి తాళం తిరిగే చప్పుడుకి
హాల్లో దీపం వెలుగుతూ ఉంటుంది.
ఈ జవాబు నోటితో చెప్తాను.

రెయిన్‌కోట్లు రెండూ కుర్చీ మీద వేశాను.
ఒకదానికి జేబు చిరిగింది.
ఎవరిదో
కలిసి తేల్చుకోవాలి.