గుట్ట పోరంబోకు

పాస్టరు గమలీయేలు
బెంగుళూరులో నాలుగేండ్లు హీబ్రూ చదివి
ఎర్రగుంట్లలో బస్సు దిగొచ్చిన మొదటి ఆదివారం,
రేకుల చర్చిలో కరెంటు లేని పూట,
గిబియా అంటే ఏందో చెప్పినాడు.

గిబియా అంటే తిప్ప.
అంతే.

ఇంకా ఏదో చెప్తాడని కూర్చున్నాం మేమంతా.
సౌలు రాజు ఊరు గదా,
వెలుగు కొండో, బంగారు శిఖరమో అయ్యుంటుందని
పుట్టినప్పటినుంచి నోరారా పలికిన పేరు.
రామా అంటే మిట్ట.
మిస్పా అంటే కావలి కాసే చోటు,
చేనులో మంచె ఉండదూ, అట్లాంటిది.
హోరేబు అంటే ఎండిపోయింది.
ఆయన ఒక్కో పేరుకూ పొట్టు వలుస్తాంటే
లోపల మా ఊరి గింజలే.

వెనక చాపమీద సాలొమ్మవ్వ
కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది.
"అయితే ఆ రాజుదీ
తిప్పకిందపల్లేనా నాయనా?"

నాకప్పుడు పన్నెండేండ్లు.
ఆ సాయంత్రం తిప్పెక్కి,
బోదగడ్డి గీరుకున్న కాళ్ళతో నిలబడి
గిబియా అని అరిచినాను.
అవతలి గట్టునుంచి చివరి అక్షరమొకటే తిరిగొచ్చింది.
యా?
యా తిప్ప, ఎవురి తిప్ప అని అడిగినట్టు.

ఇప్పుడు నేను సచివాలయంలో సర్వేయరును.
తిప్పకు మా ఆఫీసులో పేరు లేదు.
సర్వే నంబరు మూడొందల పదకొండు,
పదకొండెకరాల నలభై సెంట్లు,
గుట్ట పోరంబోకు.
పై ఊరోళ్ళకది ఓబులరెడ్డి గట్టు.
మాకు తిప్ప.

యాకోబూ వాళ్ళ మామ లాబానూ
రాళ్ళు కుప్పేసి హద్దు పెట్టుకున్నారు గదా,
మామ తన భాషలో ఒక పేరు పెట్టినాడు,
అల్లుడు తన భాషలో ఇంకొకటి.
రెండింటికీ అర్థం ఒకటే, సాక్షి కుప్ప.
ఆ కుప్ప పక్కనే కూర్చొని
అందరూ కలిసి అన్నం తిన్నారంట.
పేరు రెండైనా పర్వాలేదు.
మాకు తేడా వచ్చింది ఆ అన్నం కాడే.

రీసర్వేకని రోవరు కర్ర పట్టుకొని పోయినాను.
నాలుగు మూలరాళ్ళూ దొరికినాయి.
నడుమ తిప్ప లేదు.
పొరలు పొరలుగా లేపి, కోసి, పాలిష్ పట్టి
యా ఊర్లోనో వంటిండ్లలో పరిచేసినారు.
మిగిలింది గుంత.
పచ్చనీళ్ళు, ఒక కొక్కెర,
తెగిపోయిన ఎడమకాలి చెప్పు.
మ్యాపులో ఎత్తు రాయాల్సిన చోట
మిషను మైనస్ గుర్తు చూపించింది.

ప్రొద్దుటూరుకు మారిపోయిన పాస్టరుకు ఫోను చేసినాను.
ఎందుకు చేసినానో తెలీదు.
గిబియా యాడుందో కచ్చితంగా తెలీదమ్మా అన్నాడు,
ఈ దిబ్బేనని ఒకరు, కాదని ఒకరు,
వందేండ్లనుంచీ తవ్వుతానే ఉండారంట.

వాళ్ళు తవ్వి వెతుకుతాండారు.

రిమార్కుల గడిలో తిప్ప అని కొట్టినాను.
ఇక్కడ అంకెలు మాత్రమే అనింది ట్యాబు.

తిరిగొస్తాంటే సాలొమ్మవ్వ పిలిచింది.
చూపు ఆనదు, అడుగుల చప్పుడుకే పేరు చెప్తుంది.
"కొలిచినావా పాపా?"
కొలిచినా అన్నాను.
"ఆ భాషలో గుంతకేమంటారంట?"
అడగలేదవ్వా.

కాసేపు ఏమీ మాట్లాడలేదు.
తర్వాత గడప ముందు పరిచిన నాపరాయిని
అరచేత్తో తుడిచింది, బిడ్డ ముఖం తుడిచినట్టు.
"మా ఆయప్ప మోసుకొచ్చిన బండ ఇది.
తిప్పదే.
ఇదీ రాసుకో నీ లెక్కలో.
రా, ఎక్కి కూర్చో."

మజ్జిగ చెంబు చేతికిచ్చింది.
అంగుళంన్నర ఎత్తు.
చెప్పులు విడిచి
ఎక్కినాను.