గాలి తాళ్ళు

పుంతా అరేనాస్‌లో గాలి కాలం వస్తే
వీధి మూలల్లో తాళ్ళు కడతారు,
మనుషులు కొట్టుకుపోకుండా.
ఈ ఏడు ఆ తాడు పట్టుకునే
నేను డాక్టరు మారాను.

ఆరు డోసుల్లో నాలుగు అయ్యాక.
"ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశాను,
ఏటి మధ్యలో తెప్ప మారేదాన్ని నిన్నే చూస్తున్నా"
అంది మా ఆడపడుచు ఓల్గా.
తెప్పకు చిల్లు లేదు, నిజమే.
నడిపే మనిషి ఒక్కసారైనా తలెత్తి
నేను ఎక్కానో లేదో చూడలేదు, అంతే.

డాక్టర్ యుర్కోవిచ్ చెడ్డవాడు కాడు.
నా రొమ్ములో నిమ్మకాయంత గడ్డను
శనగగింజంత చేసింది ఆయనే.
కాకపోతే ఆయన మాటలన్నీ కంప్యూటరుతోనే.
వేళ్ళు మొద్దుబారుతున్నాయంటే
"మామూలే" అన్నాడు.
సూదిలోకి దారం ఎక్కడం లేదంటే
"మామూలే" అన్నాడు.
ముప్పై ఒక్కేళ్ళుగా కోట్లు కుట్టి బతికే దానికి
ఆ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో ఆయనకేం తెలుసు.

ఫైలు అడగడానికి వెళ్ళిన రోజు
దొంగతనానికి వచ్చినట్టు చెమటలు పట్టాయి.
కౌంటరు పిల్ల కారణం రాయమంది.
కాగితంలో గడి చిన్నది.
"ఇల్లు దూరం" అని రాశాను.
మా ఇల్లు ఆ ఆసుపత్రికి రెండు వీధుల అవతల.

తర్వాత పదకొండు రోజులు నిద్ర లేదు.
ఇంకొకరు కత్తిరించిన గుడ్డ నా దగ్గరికొస్తే
నేనేం చేస్తానో నాకు తెలుసు:
పెదవి విరుస్తాను,
"ఎవరమ్మా ఈ చంక ఇలా కోసింది?" అంటాను,
రేటు పెంచుతాను.

డాక్టర్ కయూన్ పెదవి విరవలేదు.
చిన్నపిల్ల, నా కత్తెరంత వయసు కూడా లేదు.
చదివింది. చాలాసేపు చదివింది.
కిటికీ అద్దం గాలికి గడగడలాడుతోంది,
జలసంధిలో ఓడ ఒకటి కదలకుండా నిలబడి ఉంది.
అప్పుడు లేచి, తన తెల్లకోటు విప్పి నాకు తొడిగి
"గుండీలు పెట్టుకోండి" అంది.

మూడోదాని దగ్గర ఏడుపొచ్చింది.

ఆ మందు తగ్గిద్దాం, రెండు వారాలు ఆగుదాం అంది.
మాయలేం చెప్పలేదు.
అదే కుర్చీ, అదే సూది, నోట్లో అదే ఇనప రుచి
తప్పవంది.
వెళ్ళబోతుంటే ఫైలు నా వైపు తిప్పింది:
రెండో నెల, పేజీ అంచున,
కోడి గెలికినట్టున్న యుర్కోవిచ్ చేతిరాత
"కుట్టుపని మనిషి. వేళ్ళు జాగ్రత్త."

మరెందుకు అడగలేదయ్యా?
రాసుకున్నవాడివి, ఒక్కసారి నా చేతులు చూస్తే ఏం పోయేది?
ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక
సంచిలో, దారపుండల కింద పెట్టుకున్నాను.

నిన్న మధ్యాహ్నం, నూట పది కిలోమీటర్ల గాలి.
బ్యాంకు మూల తాడు పట్టుకుని వెళుతుంటే
ఎదురుగా అదే తాడు మీద ఆయన.
టోపీ ఎగిరిపోయినట్టుంది, తల ఉత్తదే,
నా రుమాలు కింద తలలాగే.
ఇద్దరు ఒకే తాడు మీద ఎదురైతే
ఒకరు చెయ్యి వదలాలి, ఒక్క క్షణం.
ఆయనే వదిలాడు.
గాలి ఆయన్ని గోడకేసి నొక్కింది.
నేను దాటాను.
"చేతులెలా ఉన్నాయి?" అన్నాడేమో,
ఇంకేదో అన్నాడేమో,
పెదాలు కదలడం మటుకు కనిపించింది.

ఆయన కోటుకు రెండో గుండీ
ఒక్క పోగు మీద వేలాడుతోంది.
చెప్పాలనుకున్నాను.
చెప్పేలోపు ఇద్దరం చెరో మూలా.

ఇంటికొచ్చి
పెద్ద కన్నున్న సూది కోసం
సొరుగంతా వెతికాను.