ఉప్పూ, ఐసూ

మా అమ్మమ్మ సింహాచలమ్మ
కురుపాం మార్కెట్లో బంగారు కొట్ల ముందు
కాలవ మట్టి ఎత్తేది.
కొట్లు తెరవకముందే వెళ్లి
కుంపటి బూడిద, గుమ్మం చీపురు దుమ్ము,
చేతులు తుడిచిన గుడ్డపీలికలు
అన్నీ ఒక్క చేటలోకి.
పళ్లెంలో పోసి నీళ్లు తిప్పితే
మట్టి మర్యాదగా తప్పుకునేది.
అడుగున నూకంత మెరుపు.
"మట్టి మంచిదే గుంటా,
తనది కానిదాన్ని పట్టుకు కూకోదు" అనేది.

నా వాటాకి ప్లాస్టిక్ వచ్చింది.

ఆటోనగర్ వెనక రేకుల షెడ్డు.
గోనెసంచుల్లో వేలం సరుకు:
చచ్చిన కంప్యూటర్ల పళ్లు,
టెలిఫోన్ ఎక్స్చేంజీ రిలేలు,
ఏ ఓడలోంచి దిగాయో తెలీని కనెక్టర్లు.
ఒక్కో పిన్ను మీద బంగారం
పెళ్లిలో పన్నీరు జల్లినంత.
దాని చుట్టూ బిగుతుగా,
అప్పిచ్చినవాడు చొక్కా పట్టుకున్నట్టు
ప్లాస్టిక్.

కత్తి పెట్టాను. కత్తి అరిగింది.
కటింగ్ ప్లేయర్‌తో నొక్కితే పిన్ను వంగింది గానీ
అది నోరు తెరవలేదు.
ఇసకలో వేయించాను, వేరుశనక్కాయల్లాగ.
కరిగి, ఇసకని కూడా కౌగిలించుకుని
ముద్దై గట్టిపడి
నా మూకుడు తీసుకుపోయింది.

కాల్చేవాళ్లు కాలుస్తారు,
రాత్రి పది దాటి గాలి కొండవైపు తిరిగాక.
అబద్ధమెందుకు, నేనూ కాల్చాను, రెండేళ్లు.
ఆ పొగలో ఒక తీపి ఉంటుంది.
నాలిక వెనకాల అంటుకుంటే
మర్నాడు చారన్నంలోనూ అదే రుచి.
నా పక్కన కూర్చునే బంగారమ్మ
ఒకరోజు మంట దగ్గరే కూలబడి దగ్గి దగ్గి
ఉమ్మినదాన్ని పుల్లతో కెలికి చూసింది.
"ఇందులోనూ ఉందేటే?" అని నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.

ఐసు సంగతి చెప్పింది ఎర్రయ్యమ్మ,
హార్బర్ నుంచి వస్తూ మధ్యాన్నం
మా షెడ్డు నీడకి గంప దించుకునే మనిషి.
"ఉప్పేసిన ఐసులో రాత్రంతా ఉండి
నా ప్లాస్టిక్ తట్ట అంచు
పొద్దున్న అప్పడంలా ఇరిగింది.
నీ సరుకు దానికంటే మొనగాడేటి?"

రెండు దిమ్మలు తెచ్చాం.
గోనెలో చుట్టి రోకలితో దంచాం.
కల్లుప్పు, నాలుగు కేజీలు.
పైన మే నెల ఎండకి రేకులు చిటపటమంటుంటే
థర్మోకోల్ పెట్టెలో
ఐసు, ఉప్పు, పిన్నులు,
ఐసు, ఉప్పు, పిన్నులు,
కానాగంతలు సర్దినట్టే సర్దింది ఎర్రయ్యమ్మ.

తెల్లారి మూత తీస్తే
మొదటిది వేళ్లకి అతుక్కుంది.
సుత్తితో, గట్టిగా కూడా కాదు,
టక్.
అంతే.
ఇన్నాళ్లు పళ్లు బిగించినది
గాజుపెంకుల్లా రాలిపోయింది.
పిన్ను ఒక్కటే మిగిలింది,
పచ్చగా, చెమట పట్టి.

అన్నీ రాలేదు. తెల్లవి వచ్చాయి.
బూడిదరంగువి సగం.
నల్ల చిప్పులు ఒక్కటీ కదల్లేదు.

ఐసు, ఉప్పు, ఆటో
కలిపి మూడువందల ఎనభై.
యాసిడ్ కొట్టువాడు తూచి ఇచ్చింది
నాలుగువందల పది.
మిగిలిన ముప్పైలో తన పది వద్దని
టీ పోయించమంది ఎర్రయ్యమ్మ.
ఆ రాత్రి
చారన్నం చారన్నంలాగే ఉంది.
రెండోసారి వడ్డించుకున్నాను.

నల్ల చిప్పు ఒకటి
నా కొంగుముడిలో ఉంది.
బస్సులో వేళ్లతో నొక్కి చూస్తుంటాను.
నిప్పుకి బెదరదు, చలికి బెదరదు.
అమ్మమ్మా, ఇది మట్టిలాంటిది కాదు.
ఇంకా దేనికో భయపడుతుంది.
ఏటో కనుక్కోవాలి.