కత్మార్

నారిన్‌లో నవంబరు.
మూడు గంటలకే కొండ వెనక్కి పొద్దు జారుకుంటుంది.
ఆరింటికి కరెంటు పోతుంది. చెప్పి మరీ పోతుంది,
ఆ మాత్రం మర్యాద దానికుంది.
లాప్‌టాప్‌లో బ్యాటరీ నలభై నిమిషాలు.
ముప్పై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పినదాన్ని,
నలభై నిమిషాల్లో ఏం పడుతుందో నాకు తెలుసు:
బురుల్ వదిన చేసిన షిర్దాక్ తివాచీ ఒకటి,
దాని మీద పడ్డ నా నీడను తుడవడం,
మూలన దూరిన పిల్లి తోకను కూడా.

మొదటి సాఫ్ట్‌వేర్ ముప్పయ్యో రోజున తలుపేసుకుంది.
నేను గీసిన గీతలే, నాకు చూపించనంది.
అద్దె అడిగింది, డాలర్లలో, నెలనెలా.
మా సంఘంలో పదకొండుమందిమి,
అందరి కొంగులూ దులిపినా
దాని ఒక నెల రాలలేదు.

అప్పుడు బిష్కెక్ వ్యాను నడిపే సుయున్‌బెక్
సిగరెట్ పెట్టెలో ఫ్లాష్ డ్రైవ్ పెట్టి తెచ్చాడు.
ఎంత, అన్నాను.
ఏమీ లేదు, అన్నాడు.
ఏమీ లేదన్నవాడి దగ్గరే నాకు అనుమానం.
రెండు రాత్రులు మెనూలన్నీ తిరగేశాను,
ధర ఎక్కడ దాచారో అని.

పొట్టేలు కొమ్ము మెలికని
పదహారు బిందువులతో పట్టాను, అదీ వారానికి.
వదిన సుద్దముక్కతో ఒక్క ఊపులో గీసేస్తుంది,
టీ చల్లారకుండా.
వెబ్‌సైటు బొమ్మ కోసం వెనకాల గోడను చెరిపితే
బూడిదరంగు గళ్లు బయటపడ్డాయి.
"ఇదేం గుడ్డ?" అంది వదిన.
గుడ్డ కాదు, అక్కడ ఏమీ లేదని గుర్తు, అన్నాను.
"ఏమీ లేకపోవడానికి ఇంత నేతా!"

పొరల సంగతి మాత్రం నాకంటే ముందే తెలుసామెకి.
ఎరుపు ఉన్ని మీద నలుపు ఉన్ని పరిచి
రెండింటినీ కలిపి ఒకే కోత కోస్తుంది.
నల్ల నేలలోకి ఎర్ర కొమ్ము,
ఎర్ర నేలలోకి నల్ల కొమ్ము.
ఒక కత్తికి రెండు తివాచీలు,
ముక్క పారేయక్కర్లేదు.
"నువ్వు కాపీ కాపీ అంటావే," అంది,
"ఇస్తే తరిగిపోయేది ఏముంది ఇందులో?"
సిద్ధాంతం నిరూపించి
సుద్ద దులుపుకున్నట్టు
ఉన్ని నూగు దులుపుకుంది.

మెనూలో సగం మా భాష, సగం ఇంగ్లీషు.
ఎవరో అనువదిస్తూ అనువదిస్తూ మధ్యలో లేచిపోయారు,
పాలు పొంగాయో, పిల్ల ఏడ్చిందో.
'పొర' అనాల్సిన చోట ఖాళీ.
కూర్చుని రాసి పంపాను: కత్మార్.
మంచు మీద మంచు పేరుకున్నప్పుడు మేమనే మాట,
పొరలు పొరలుగా విడే కత్తమా రొట్టెకి చుట్టం.
ఓష్ నుంచి ఎవరో ముఖం తెలియని మనిషి
"మా వైపు కబత్ అంటాం" అని జవాబిచ్చాడు.
మూడు వారాలు పోట్లాడుకున్నాం,
చాలా మర్యాదగా, 'గారూ' అనుకుంటూ.
చివరికి వాళ్లమ్మని అడిగాడట.
ఆవిడ నా వైపు తీర్పు చెప్పిందట.

మార్చిలో, దారుల మీద మంచు బురదయ్యాక,
సుయున్‌బెక్ కొత్త వెర్షన్ తెచ్చాడు.
తెరిచాను.
పై వరుసలో, ఎడమ నుంచి ఐదోది:
కత్మార్.
కింద ఎవరి పేరూ లేదు.
సుద్దగీతకి మాత్రం సంతకం ఉంటుందా.
వదినని పిలిచి చూపించాను.
కళ్లజోడు సర్దుకుని కూడబలుక్కుని చదివింది.
"మంచి మాట. ఎవరు పెట్టారో."
నేను చెప్పలేదు.
పదకొండు నిమిషాల బ్యాటరీ ఉంది,
చెప్పడానికి అది చాలు, అయినా.

ఆమె అప్పటికే తివాచీ బొమ్మ మీదికి వంగి
"పిల్లి తోక ఏది?" అంటోంది.
"అది కూడా మా ఇంటిదే కదా."

కింది పొర పక్కనున్న కన్ను గుర్తు నొక్కాను.
తోక అక్కడే ఉంది,
కొస కొంచెం మెలి తిరిగి.